నీళ్ళు తాగనా అని అడిగే పిల్ల

నాకు సంతకం వచ్చు, అంకెలు వచ్చు. అక్షరాలు రావు. ఈ కాగితాల మీద ఉన్నదంతా నేను చెబుతుంటే మా పాస్టరమ్మగారు రాశారు. ఆదివారం ఆరాధన అయిపోయాక, వాళ్ళ వరండాలో కుర్చీలో ఆవిడ, గడప మీద నేను, నాలుగు వారాలు కూర్చుంటే ఇంత అయింది. చెప్పమన్నది పిల్లల ఆసుపత్రిలో మాకు సూది వేయడం నేర్పిన సిస్టరుగారు. "ఏమీ తెలియకుండా వచ్చే తల్లులు ఇంకా వస్తూనే ఉన్నారు కాంతమ్మా. నేను చెబితే పాఠంలా ఉంటుంది. నువ్వు చెప్పు" అన్నారు. పాస్టరమ్మగారిని నేను ఒక్కటే అడిగాను. నా మాటల్లో గరుకుగా ఉన్నదాన్ని మెత్తగా చేయొద్దండి అన్నాను. రెండు మూడు చోట్ల ఆవిడ కలం ఆపి నా మొహంలోకి చూశారు. రాయండి అన్నాను. రాశారు.

మాది మొగల్తూరు దగ్గర పల్లె. నా భర్త రొయ్యల చెరువు మీద కాపలా ఉండేవాడు. నీళ్ళలో గాలి కొట్టే యంత్రం దగ్గర కరెంటు తగిలి పోయాడు. అప్పటికి మా దీవెనకి ఐదేళ్ళు. ఇంట్లో మిగిలింది నేనూ, పిల్లా, మా అత్తా. నెల తిరక్కుండా నేను రొయ్యల షెడ్డులో చేరాను.

ఆ షెడ్డు పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు మీకు అర్థం కాదు. తెల్లవారి వ్యాను వస్తుంది. ఐసు మధ్య నిలబడి రొయ్య తల తీసి, తోలు ఒలిచి ట్రేలో వేయాలి. ఎన్ని ట్రేలు నింపితే అంత కూలి. మధ్యలో బాత్రూంకి వెళ్ళాలంటే గ్లౌజులు, ఏప్రాను, టోపీ, గమ్‌బూట్లు అన్నీ విప్పాలి. తిరిగొచ్చి చేతులు మందునీళ్ళతో కడుక్కుని అన్నీ మళ్ళీ తొడుక్కోవాలి. ఈలోపు ఒక ట్రే పోతుంది. అందుకని మా షెడ్డులో ఆడవాళ్ళం పొద్దున్న లేచింది మొదలు నీళ్ళు తాగం. నేను చేరిన వారంలోనే పక్కన నిలబడే సత్యవతి వదిన నేర్పింది.

"నోరెండితే పుక్కిలించి ఉమ్మెయ్యవే. మింగావా, ఇక పరుగే. ఒళ్ళు చంటిపిల్లలాంటిది. ఎలా అలవాటు చేస్తే అలా వింటది" అంది.

నా ఒళ్ళు విన్నది. ఆరు నెలలకల్లా భోజనం బెల్లు దాకా కదలని మనిషినని నాకు పేరొచ్చింది. "కాంతమ్మని ఎడారిలో వదిలేసినా బతికేస్తది" అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం గొప్పగా ఉండేది.

ఇంకో మాట కూడా చెప్పాలి. తండ్రి లేని పిల్లని తల్లి గారం చేసి పాడుచేసింది అని ఊళ్ళో ఒక్క నోరు కూడా అనకూడదని నాకు పట్టుదల. భయం ఉంటే పిల్ల దారిలో ఉంటుందనుకున్నాను. కొబ్బరి చీపురులోంచి ఒక ఈనె తీసి తలుపు వెనక పెట్టుకున్నాను. చాలాసార్లు దాని అవసరం లేకుండా చెయ్యే సరిపోయేది. దీవెన నా అడుగుల చప్పుడు వింటేనే పుస్తకం తీసేది. అది చూసి, పిల్లని బాగా పెంచుతున్నానని అనుకునేదాన్ని.

రెండేళ్ళ క్రితం, వేసవి సెలవులయ్యి బడి తెరిచిన రోజులు. దీవెనకి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. అప్పుడు మొదలైంది దాహం. కుండ దగ్గరే ఉండేది. చెంబెత్తి తాగేది, గెడ్డం తుడుచుకునేది, పది నిమిషాలకి మళ్ళీ వచ్చేది. ఎండలు కదా అనుకున్నాను. వానలు పడ్డాయి, దాహం తగ్గలేదు. ఆ తరవాత తెల్లారి లేచేసరికి పక్క తడిసి ఉండడం మొదలైంది. నాలుగేళ్ళప్పుడే మానేసిన అలవాటు అది. వ్యాను వచ్చే వేళకి దుప్పటి ఉతకాలి, వంట చెయ్యాలి. నాకు జబ్బు తోచలేదు. పొగరు తోచింది.

మా అత్తకి తోచింది. ఆరేసిన పక్కబట్టలు తీస్తూ ఒకరోజు నన్ను పిలిచింది.

"కాంతం, ఉతక్కముందు దీనికి చీమలు పట్టాయే. మా నాన్నకి తీపి జబ్బు వచ్చినప్పుడు ఇలాగే పట్టేవి."

"పంచదార డబ్బాలో చెయ్యి పెట్టి దుప్పటికి తుడుచుకునుంటది. ఎనిమిదేళ్ళ పిల్లకి ముసలాళ్ళ జబ్బేంటత్తా. నువ్వు వెనకేసుకురాకు."

ఆ సాయంత్రం పంచదార దొంగతనం చేసిందని దీవెనని కొట్టాను. తినలేదమ్మా అంది. అబద్ధం ఆడుతోందని ఇంకొకటి వేశాను. పాస్టరమ్మగారు కలం ఆపిన మొదటి చోటు ఇదే.

మర్నాడు నీళ్ళ కుండని అటక ఎక్కించాను. మా ఇంట్లో అటక నాకే అందుతుంది. అన్నం తిన్నాక ఒక గ్లాసు, బడి నుంచి వచ్చాక ఒక గ్లాసు, ఆ తరవాత చుక్క లేదు అన్నాను. దీవెన అటక వైపు చూస్తూ నిలబడింది.

"నోరు అంటుకుపోతుందమ్మా."

"పుక్కిలించి ఉమ్మెయ్యి. నేను పొద్దుటి నుంచీ ఉండట్లేదా? నాకు లేని దాహం నీకెక్కడిది?"

కన్నబిడ్డతో నేనన్న మాటలే ఇవి. ఎక్కడో విన్నవి కావు. పిల్ల నిజంగానే పుక్కిలించి ఉమ్మింది, నేను చూస్తుండగా. ఉమ్మేముందు ఒక్క క్షణం నోట్లోనే ఉంచుకుంది. ఆ మొహం నాకు ఇప్పటికీ కనబడుతుంది.

ఆ వారంలోనే స్నానాల గదిలో చప్పుడైతే వెళ్ళి చూశాను. బట్టలు నానబెట్టడానికి పట్టిన బకెట్టులో నీళ్ళు దోసిలితో తాగుతోంది. నన్ను చూసి దోసిలి వదిలేసింది. నీళ్ళు గౌను మీద పడ్డాయి. ఏం చేశానో మళ్ళీ చెప్పక్కర్లేదు.

జులైలో బడి నుంచి డైరీలో టీచరుగారు ఏదో రాసి పంపారు. నాకు చదవడం రాదు కనక డైరీలో ఏం రాసినా దీవెనే చదివి వినిపించేది. మొదటి నుంచీ అదే పద్ధతి. చదవమన్నాను. డైరీ చేతిలో పట్టుకుని కాసేపు చూసింది.

"కలర్ పెన్సిళ్ళు తెమ్మన్నారమ్మా" అంది.

"ఇంత రాశారు, పెన్సిళ్ళ గురించేనా?"

"ఏయే రంగులు తేవాలో రాశారమ్మా."

సంతకం పెట్టాను. ఆదివారం నరసాపురం వెళ్ళి పెన్సిళ్ళ డబ్బా కొనిపెట్టాను కూడా. పిల్ల దాన్ని తెరవలేదు. కొత్తది కదా, దాచుకుంటోందనుకున్నాను.

ఆగస్టుకి పిల్ల గౌన్లు వదులైపోయాయి. పొడుగు సాగుతోందిలే అన్నారు ఇరుగుపొరుగు. ఊళ్ళో మందులిచ్చే ఆయన దగ్గరికి తీసుకెళ్ళి, సన్నబడింది అని మాత్రం చెప్పాను. దాహం సంగతి చెప్పలేదు, పక్క తడపడం సంగతి అంతకన్నా చెప్పలేదు. ఆడపిల్ల, నలుగురిలో ఏం బాగుంటుంది అనుకున్నాను. నులిపురుగుల మాత్ర ఇచ్చాడు. చెప్పనిదానికి ఆయన మాత్రం ఏం మందిస్తాడు.

ఆ రోజు మంగళవారం. తెల్లారగట్ల రెండుసార్లు వాంతి చేసుకుంది. ఊపిరి గట్టిగా, పరుగెత్తి వచ్చినట్టు తీస్తోంది. నోటి దగ్గర మగ్గిన పండు వాసన. ఎక్కడ ఏం తిని వచ్చిందో అనుకున్నాను. షెడ్డుకి పెద్ద సరుకు వచ్చిన రోజు, మానేస్తే ఊరుకోరు. "బడి ఎగ్గొట్టే వేషాలు నా దగ్గర కాదు" అని మంచం మీద కూర్చోబెట్టాను. అలాగే పక్కకి ఒరిగిపోయింది. మా అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఇవాళ వెళ్ళకే. నా మాట విను."

"నువ్వున్నావుగా. గారం చేసేదానివి నువ్వే చూసుకో" అని వ్యాను ఎక్కాను.

రెండో ట్రే నింపుతుంటే సూపర్‌వైజరు వచ్చి భుజం మీద తట్టాడు. కసురుకునే మనిషి, ఆ రోజు మెల్లగా చెప్పాడు, ఇంటి దగ్గర నుంచి ఫోను అని. పిల్ల పిలిస్తే పలకడం లేదట. ఏప్రాను విప్పడానికి ముడి రాలేదు, ఆయనే కత్తెరతో కోశాడు. తన బండి మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చాడు. అప్పటికే అంబులెన్సు వచ్చి ఉంది. నరసాపురంలో వేలి మీద ఒక చుక్క రక్తం తీసి చూసి, వెంటనే రాజమండ్రి పంపేశారు. దారి పొడుగునా పిల్ల కళ్ళు సగం తెరిచే ఉన్నాయి గాని నన్ను చూడలేదు.

రాజమండ్రిలో పిల్లని తలుపుల లోపలికి తీసుకెళ్ళారు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. చూసుకుంటే కాళ్ళకి ఇంకా గమ్‌బూట్లే. రొయ్యల నీచు వాసన. పక్కన కూర్చున్నవాళ్ళు ఒకరొకరే లేచి అటు వెళ్ళారు. వాళ్ళని తప్పు పట్టను. ఒక పెద్దావిడ మాత్రం లేవలేదు. పోలవరం వైపు ఆవిడ, మనవడికి బాగోలేక వచ్చింది. సంచిలోంచి ఒక జత చెప్పులు తీసి నా ముందు పెట్టింది.

"కాళ్ళు నాని పుళ్ళు పడతాయమ్మా. అవి విప్పు."

"వాసనండి. మీరు అటు కూర్చోండి."

"మా వాడు చేపల వలల మధ్య పుట్టాడు. నాకేం కొత్త? విప్పు" అంది. ఆవిడే వంగి బూట్లు లాగింది. తరవాత సీసా ఇచ్చి తాగమంది. పొద్దుటి నుంచీ చుక్క తాగలేదు. సీసా నోటి దాకా తీసుకెళ్ళి, మూత పెట్టి తిరిగిచ్చేశాను.

సాయంత్రం డాక్టరమ్మగారు బయటికి వచ్చారు. చిన్న వయసు ఆవిడ. పిల్లకి షుగరు జబ్బు అన్నారు. పిల్లల్లో వచ్చే రకం వేరట. ఒంట్లో తయారవ్వాల్సిన ఇన్సులిన్ తయారవ్వడం ఆగిపోయిందట. తీపి తింటే వచ్చింది కాదు, ఎవరూ తెచ్చిపెట్టింది కాదు అన్నారు. ఆ మాటకి నాకు ఊపిరి వచ్చింది. ఆ వెంటనే అడిగారు.

"ఎన్నాళ్ళ నుంచి నీళ్ళు ఎక్కువ తాగుతోంది?"

"నాలుగు రోజులండి" అన్నాను.

ఎందుకన్నానో అడగకండి. తిడతారని అన్నాను. ముప్పై నాలుగేళ్ళ మనిషిని, లోపల నా బిడ్డ ప్రాణం మీద ఉంటే, తిట్లకి భయపడి అబద్ధం చెప్పాను. ఆవిడ నా మొహం చూసి, చేతిలో కాగితాలు పక్కన పెట్టి నా పక్కన కూర్చున్నారు.

"నిజం చెప్పమ్మా. నేను తిట్టను. నిజం తెలిస్తే పాపకి మంచిది, అంతే."

అప్పుడు చెప్పాను. జూన్ నుంచి అన్నాను. అటక సంగతి, బకెట్టు సంగతి, పుక్కిలించి ఉమ్మడం, అన్నీ చెప్పాను. ఆవిడ నిజంగానే తిట్టలేదు. "ఒళ్ళు పూర్తిగా ఎండిపోయి వచ్చింది. నీళ్ళు ఎక్కిస్తున్నాం. కొంచెం కొంచెంగానే ఎక్కించాలి, టైము పడుతుంది" అని లేచారు. ఒళ్ళు ఎండిపోయి అన్న మాట ఒక్కటే నా చెవిలో ఉండిపోయింది. జబ్బు ఎవరి తప్పూ కాదన్నారు, సరే. ఆ ఎండబెట్టడం మాత్రం నాదే కదా.

బడిలో మంచినీళ్ళు ఉండవు, ఇంటి నుంచి పట్టుకెళ్ళే సీసా నేనే మాన్పించాను కదా. అయినా నీళ్ళు అందాయని తరవాత తెలిసింది. మధ్యాహ్నాలు బడిలో అన్నం బెల్లు కొట్టే వేళకి మా అత్త మోకాళ్ళ నొప్పులతో బడి దాకా నడిచి వెళ్ళి, గోడ అవతల నుంచి దీవెనకి సీసాతో నీళ్ళిచ్చి వచ్చేదట, రోజూ. నాకు చెప్పకుండా. "చెబితే అదీ మాన్పిస్తావని" అంది. ఆ నీళ్ళే లేకపోతే ఇంకా ముందే పడిపోయేదేమో. మర్నాడు ఆసుపత్రికి వచ్చి, బల్ల మీద నా పక్కన కూర్చుని ఆ మాట చెప్పి, నా కుడి చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, వదిలేసింది. తరవాత నెల రోజులు నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు.

మూడో రోజు లోపలికి రానిచ్చారు. దీవెన కళ్ళు తెరిచి ఉంది. పెదాలు పగిలి నల్లగా ఉన్నాయి. నన్ను చూసి గుర్తుపట్టింది. అమ్మా అంటుందని వంగాను.

"నీళ్ళు తాగనా?" అంది.

పొద్దుటి నుంచీ నీళ్ళు ఇస్తున్నామని, వద్దు అమ్మని అడగాలి అంటోందని సిస్టరుగారు చెప్పారు. చెంచాతో పట్టాను. ప్రతి చెంచాకీ ముందు నా కళ్ళలోకి చూసింది.

వారానికి బడి టీచరుగారు చూడ్డానికి వచ్చారు. పళ్ళు పెట్టి కూర్చున్నాక అన్నారు.

"డైరీలో రాశాను కదమ్మా. మాటిమాటికీ పక్క పిల్లల సీసాల్లో నీళ్ళు తాగుతోంది, బాత్రూంకి వెళ్తోంది, సన్నబడింది, వెంటనే డాక్టరుకి చూపించండి అని. మీరు సంతకం కూడా పెట్టారు."

నేను దీవెన వైపు చూశాను. పిల్ల గోడ వైపు తిరిగిపోయింది. దుప్పటి కింద భుజాలు బిగుసుకున్నాయి. ఒంట్లోకి సూదులు, గొట్టాలు వెళ్తున్నా కదలని పిల్ల, నేను కొడతానని బిగుసుకుంది. కలర్ పెన్సిళ్ళు. ఆ డైరీ చదివితే మళ్ళీ దెబ్బలు పడతాయని ఎనిమిదేళ్ళ పిల్ల అప్పటికప్పుడు కల్పించి చదివిన మాట. తన ప్రాణం కాపాడే మాట అది. నా చేతికి భయపడి దాన్ని మింగేసింది. నాకు చదవడం రాదని టీచరుగారికి ఆ రోజే చెప్పాను. ఆవిడ మంచిది, ఆ రోజు నుంచి రాయడం మానేసి నా ఫోనుకి మాటలు పంపిస్తున్నారు. బటను నొక్కితే ఆవిడ గొంతే వినబడుతుంది.

ఇంటికి వచ్చాక రోజుకి నాలుగు సూదులు. అంకెలు వచ్చు కనక సూది గొట్టం మీద గీతలు లెక్కపెట్టడం తొందరగానే నేర్చుకున్నాను. మాకు ఫ్రిజ్ లేదు. సిస్టరుగారు చెప్పినట్టు తడి ఇసుక పోసిన కుండలో మందు సీసా పెట్టుకున్నాం. అటక మీద కుండ దించి దానికే వాడాను. తాగే నీళ్ళకి మా అత్త వేరే కొత్త కుండ కొనుక్కొచ్చి, పిల్లకి అందేలా చిన్న పీట మీద పెట్టింది. పక్కన రెండు గ్లాసులు బోర్లించింది.

ఇంతటితో నాకు బుద్ధి వచ్చిందని రాస్తే బాగుంటుంది. రాలేదు. సూది నేర్చుకున్నంత తొందరగా చెయ్యి అదుపులోకి రాలేదు. క్రిస్మస్ ముందు ఒక సాయంత్రం రక్తంలో షుగరు చూసే మిషన్‌లో అంకె చాలా ఎక్కువ చూపించింది. ఏం తిన్నావే అంటే ఏమీ తినలేదంది. గౌను జేబులో కాజా చుట్టిన కాగితం. ఒక దెబ్బ పడింది. పడ్డాక చూశాను నా చెయ్యిని.

ఆ దెబ్బకి పిల్ల కాజాలు మానలేదు. చెప్పడం మానేసింది. కాజా తిన్నది అంకెలో కనబడకూడదని అన్నం సగం పారేసి మొత్తం తిన్నానని చెప్పేది. సూది వేశాక సరిగ్గా తినకపోతే షుగరు మరీ పడిపోతుంది. ఒళ్ళు వణుకుతున్నా, చెమటలు పడుతున్నా, అన్నం పారేసిన సంగతి బయటపడుతుందని ఊరుకునేది. అలా ఒక ఆదివారం పిల్లల పాటల మధ్యలో, అందరితో చప్పట్లు కొడుతూ కూలబడిపోయింది. పాస్టరమ్మగారు పరుగెత్తుకొచ్చి బుగ్గల లోపల పంచదార పెట్టారు. తేరుకున్నాక పిల్ల ఆవిడ చెవిలో అన్న మాట, ఆవిడ రాయనా వద్దా అని అడిగారు. రాయండి. "అమ్మకి చెప్పకండి" అంది.

రాజమండ్రి వెళ్ళినప్పుడు డాక్టరమ్మగారికి ఇదంతా చెప్పాను. ఈసారి అబద్ధం ఆడలేదు.

"కాంతమ్మగారూ, ఒంట్లో ఎలా ఉందో పాపే చెప్పాలి. పడబోయే ముందు వణుకు తనకే తెలుస్తుంది, మీకూ తెలీదు, నాకూ తెలీదు. తను చెప్పకపోతే నేనిచ్చే మందు పనిచెయ్యదు" అన్నారు.

"మరి తప్పు చేస్తే ఊరుకోనా అండి?"

"ఆ మొదటి రోజు మీరు నాలుగు రోజులన్నారు. నేను ఊరుకున్నానా? అడిగాను కదా."

ఇంటికొచ్చి ఈనె పొయ్యిలో పెట్టాను. అదేం గొప్ప కాదు, చీపురు నిండా ఈనెలే. దీవెనని కూర్చోబెట్టి చెప్పాను. మిషన్‌లో ఏ అంకె వచ్చినా, ఏం తిన్నా, నిజం చెప్పు, నేను తిట్టను అన్నాను. పిల్ల నమ్మలేదు. నమ్మకుండానే తలూపింది. నేనైనా నమ్మను.

నమ్మడానికి వేసవి దాకా పట్టింది. ఒక మధ్యాహ్నం వాకిట్లో చేపలు బాగుచేస్తుంటే వెనక నిలబడింది.

"అమ్మా, కాజా తిన్నాను. సగం."

కత్తిపీట వదిలి పెరట్లోకి వెళ్ళాను. కొబ్బరిచెట్టు పట్టుకుని నిలబడి వందదాకా లెక్కపెట్టాను. అంకెలు వచ్చని చెప్పాను కదా. తిరిగొచ్చి అడిగాను.

"ఎంత తిన్నావు?"

"సగం." నా చేతుల వైపు చూసింది. "ఒకటిన్నర."

వసారాలో పడుకున్న మా అత్త, "మంచి సగమేనే" అని నవ్వింది. నేను ఉన్నానని తెలిసీ నవ్వడం ఏడాదిలో అదే మొదలు. మిషన్‌లో చూసి, సిస్టరుగారికి ఫోను చేసి, ఆవిడ చెప్పినంత సూది వేశాం. తిట్టలేదు. ఆ రోజు తిట్టలేదు అంతే. తరవాత తిట్టిన రోజులు ఉన్నాయి. తిట్టాక, తప్పు నాదే అని చెప్పడం నేర్చుకుంటున్నాను. కొట్టలేదు.

తల్లులకి చెప్పమన్నారు కనక చెబుతున్నాను. పిల్ల ఉన్నట్టుండి నీళ్ళు ఎక్కువ తాగుతుంటే, సన్నబడుతుంటే, మానేసిన అలవాటు మళ్ళీ వచ్చి పక్క తడుపుతుంటే, పొగరనుకోకండి. ఆ రోజే చూపించండి. సిగ్గుపడి సగం చెప్పకండి. ఇది ఎవరూ తెచ్చిపెట్టే జబ్బు కాదు, సూది వేస్తూ ఉంటే పిల్లలు అందరిలాగే ఆడతారు, చదువుతారు. మా దీవెన ఇప్పుడు ఐదో తరగతి. తన సూది తనే వేసుకుంటుంది, నేను పక్కన ఉంటాను. ఇంకోటి, మీ అడుగుల చప్పుడు వినగానే పిల్ల పుస్తకం తీస్తుంటే సంబరపడకండి. ఆ పిల్ల మీకు ఏం చెప్పడం మానేసిందో చూసుకోండి.

నా సంగతి ఒకటి మిగిలింది. నేను షెడ్డులో ఇప్పటికీ నీళ్ళు తాగను. అలవాటు పోదు. దీవెనకి అది తెలిసి రోజూ నా సంచిలో ఒక సీసా పెడుతోంది. పోయిన వారం సాయంత్రం ఇంటికి రాగానే సంచి తీసింది.

"నీళ్ళు తాగావా?"

"తాగాను."

సీసా బయటికి తీసి చెవి దగ్గర ఊపింది. నిండా ఉంది, చప్పుడు కూడా రాలేదు.

"అమ్మా, నిజం చెప్పు. నేను తిట్టను" అంది.

"తాగలేదు" అన్నాను.

కొత్త కుండలోంచి గ్లాసు ముంచి తెచ్చి నా చేతికిచ్చి, నేను తాగేదాకా ఎదురుగా నిలబడింది. మొత్తం తాగాను. ఖాళీ గ్లాసు తీసుకెళ్ళి తను కూడా ముంచుకుంది. పెదాల దాకా తీసుకెళ్ళి ఆగింది. ఆగి, నా వైపు చూసింది.

రెండేళ్ళుగా అంతే. అడగక్కర్లేదే అని వందసార్లు చెప్పాను. ఇంకా చూస్తుంది. నేను తలూపాక తాగుతుంది.

ఆ రోజు తలూపలేదు. ఊపితే మళ్ళీ నేనే తాగనిచ్చినట్టవుతుంది. మొహం అటు తిప్పుకుని, సంచి మడతపెడుతూ నిలబడ్డాను. మడతపెట్టిన సంచినే విప్పి మళ్ళీ మడతపెట్టాను. చాలాసేపటికి వెనక గుటకల చప్పుడు వినబడింది.